ఆకుపచ్చ తుప్పు

జనవరి 6

ఒరే తమ్ముడూ,

ముందు కూర్చో. మీ బావ బొమ్మల కథల పత్రిక పెడుతున్నారు. నేను వద్దన్నాను. వద్దన్న సంగతి ఇక్కడ రాసి పెడుతున్నాను, ముందుముందు పనికొస్తుంది.

నీకు తెలిసిందేగా, మాది రసీదు పుస్తకాలు, సినిమా హాలు టిక్కెట్లు, మందుల షాపు సంచులు అచ్చేసుకునే ప్రెస్సు. ఒక అచ్చు మిషను, ఒక కటింగు మిషను, ఒక మిషనుమాను, మేమిద్దరం, పైన గదిలో మా అత్తగారు. నెలలో కొన్నాళ్ళు మిషను ఖాళీగా ఉంటోంది. ఖాళీ మిషను చూస్తే ఆయనకి నిద్రపట్టదు. "ఊరికే కూర్చుంటే పాడైపోతుంది" అంటారు. ఆ మాట తన విషయంలో ఎప్పుడూ అనుకోలేదు.

కథ నేనే అల్లాను. తాళాలరాయుడని ఒకడు. ఎలాంటి తాళమైనా చిటికెలో తీసేస్తాడు. వాడికి పోటీగా తుప్పురాణి అని ఒక ముసలావిడ. ఏ తాళం మీద చెయ్యి వేసినా తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. బొమ్మలు నువ్వు వెయ్యాలి. పళ్ళ డాక్టర్లకి కట్టుడు పళ్ళు చేసిచ్చే పనిలో పడి బొమ్మలు మానేశావు గానీ, బడి గోడ మీద హెడ్మాస్టరు బొమ్మ వేసి ఆయన చేతే తన్నులు తిన్న చెయ్యి అది, ఎక్కడికీ పోదు. మాటల కోసం బెలూన్లు గీసి ఖాళీగా వదిలెయ్. వాటిలో మాటలు నేను నింపుతాను. బొమ్మ నీది, మాట నాది. ఇందులో మార్పు లేదు.

రంగుల గురించి అడగకు. నలుపూ, ఆకుపచ్చా, అంతే. ఒకప్పుడు సంచుల కోసం తెప్పించిన ఆకుపచ్చ సిరా డబ్బాలు మూల పడున్నాయి.

అమ్మ ఎలా ఉంది? ఆదివారం ఫోన్ చేశాను. ఎత్తింది. నా గొంతు వినగానే రిసీవరు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆరేళ్ళుగా ఇదే వరస. ఫోన్ పెట్టేసినా బాధుండదు. పెట్టెయ్యదు. నేను మీ గోడ గడియారం చప్పుడు కాసేపు విని పెట్టేస్తాను. ఈ మధ్య అది కీచుమంటోంది, చూసుకో. నాతో ఎందుకు మాట్లాడదో అడిగిన ప్రతివాళ్ళ దగ్గరా నోరు మెదపకుండా కూర్చుంటుంది. నాకు ఆ ఒక్కటి తెలిస్తే చాలు. పత్రిక ఏ గంగలో కలిసినా ఫర్వాలేదు.

నీ అక్క

---

జనవరి 24

అక్కకి,

కూర్చునే చదివాను. నడుం నొప్పి వల్ల ఎలాగూ కూర్చునే ఉంటున్నాను.

మొదటి సంచిక బొమ్మలు ఈ పార్సిల్‌లో ఉన్నాయి. కట్టింది అమ్మ. నేను కట్టిన ముడి చూసి విప్పేసి మళ్ళీ తనే కట్టింది. ఎవరికి వెళ్తోందో అడగలేదు. అడ్రసు నేను రాస్తుంటే మాత్రం పక్కనే నిలబడింది.

బొమ్మల గురించి ఒక్క మాట. అందరి నోళ్ళూ మూసే వేశాను. పొద్దున్న నుంచి సాయంత్రం దాకా నా చేతిలో పళ్ళే. మైనం పళ్ళు, పోత పళ్ళు, అరగదీసిన పళ్ళు. ఇంటికొచ్చి కూడా పళ్ళు గియ్యాలంటే నా వల్ల కాదు. నోరు తెరిస్తే పన్ను కనపడాలి, పన్ను కనపడితే అది సరిగ్గా ఉండాలి, సరిగ్గా గీయడం మొదలుపెడితే ఒక్కో నోటికి ఒక రోజు. కాబట్టి మూసిన నోళ్ళతో సర్దుకో.

ఇంకొక సంగతి, నీ ఉత్తరాలు నేను పైకే చదువుతాను. మనసులో చదువుకుంటే అమ్మ చీపురు తెచ్చి నా కుర్చీ కింద ఊడవడం మొదలుపెడుతుంది. ఊడిచిన చోటే ఊడుస్తుంది. పైకి చదివితే చీపురు పక్కన పెట్టి కాయలు వలుచుకుంటుంది. "అమ్మ ఎలా ఉంది" అన్న చోట లేచి లోపలికి వెళ్ళింది. "గడియారం కీచుమంటోంది" అన్న చోట మళ్ళీ వచ్చింది. మర్నాడు చూస్తే గడియారం కీచుమనడం లేదు. నేను మాత్రం దాన్ని ముట్టుకోలేదు.

అమ్మ కోపం ఎందుకో నేను బాగా ఆలోచించాను. ప్రెస్సుకి మీ అత్తగారి పేరు పెట్టారు కదా, అదే. కన్నతల్లి ఉండగా అత్తగారి పేరేమిటని. బావగారితో చెప్పి చూడు.

తమ్ముడు

---

ఫిబ్రవరి 12

ఒరే,

నువ్వు చెప్పావని బోర్డు మార్పించాం. అత్తగారి పేరు చెరిపి అమ్మ పేరు రాయించాం. నిన్న ఫోన్ చేసి ఆ ముక్క చెప్పాను. గడియారం చప్పుడే వినపడింది, కీచు లేకుండా. ఇక్కడ మా అత్తగారు మాత్రం వీధిలోకి వచ్చి బోర్డు చూసి, తిరిగి పైకి వెళ్ళి గది తలుపు వేసుకుంది. అప్పటి నుంచి ఆవిడా నాతో మాట్లాడటం లేదు. నీ ఆలోచన వల్ల నాతో మాట్లాడనివాళ్ళు ఇద్దరయ్యారు. ఇకమీదట బాగా ఆలోచించకు.

మొదటి సంచిక బయటికొచ్చింది. మీ బావ ఒక కాపీ జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు, ఎవరైనా జేబులో ఏమిటని అడగాలని. ఎవరూ అడగలేదు.

పుస్తకాలు దుకాణాలకి చేర్చే ఏజెంటు మాత్రం తిరగేసి, "వీళ్ళు నోళ్ళు మూసుకుని ఎలా మాట్లాడుతున్నారండీ" అన్నాడు. మీ బావ రెప్ప వెయ్యకుండా "మనసుతో" అన్నారు. రెండో సంచిక అట్ట మీద "మనసుతో మాట్లాడే మనుషుల కథ" అని వేయిస్తారట. నీ బద్ధకం ఇప్పుడు పత్రిక ప్రత్యేకత అయి కూర్చుంది.

పైపులు బిగించేవాడొకడు కార్డు రాశాడు, ఇనుప తుప్పు ఆకుపచ్చగా ఉండదు, చిలుం పట్టిన రాగి అయితేనే ఆకుపచ్చ అని. కాబట్టి ఆ ఊళ్ళో తాళాలన్నీ రాగివని వచ్చే సంచికలో ఒక ముక్క వేస్తున్నాను. ఊరికే ఉన్న మనిషికి ఎన్ని బాధలో చూడు.

తుప్పురాణి చేత "నా తుప్పుతో లోకాన్ని నాశనం చేస్తాను" అనిపించాను. నాలుగు పేజీల్లో నాలుగుసార్లు అంది. దుష్టురాలికి అంతకన్నా ఏం మాటలుంటాయి? మీ ఇంటికి రెండు కాపీలు పంపుతున్నాను. ఒకటి నీకు. ఇంకొకటి బల్ల మీద ఊరికే పడేసి ఉంచు.

అక్క

---

ఫిబ్రవరి 27

అక్కకి,

పడేసి ఉంచాను. సాయంత్రానికి కనపడలేదు. రెండు రోజుల తర్వాత రేడియో కింద దొరికింది. రేడియో ఊగకుండా పెట్టానంది అమ్మ. ఆ రేడియో ఎప్పుడూ ఊగలేదు. పుస్తకంలో అమ్మ కళ్ళజోడు తాడు ఒక పేజీకి గుర్తుగా ఉంది.

నిన్న భోజనం దగ్గర ఉన్నట్టుండి, "ఆ ముసలిదానికి ఇంకో పనేం లేదా, ఊరికే కనపడిన తాళానికల్లా తుప్పు పట్టించుకుంటూ తిరుగుతుంది" అంది. కథ అంతేనమ్మా, ఆవిడ చెడ్డది అన్నాను. "ఎవరు చెప్పారు" అంది. పుస్తకంలో ఉందన్నాను. "పుస్తకం రాసిందెవరు" అంది. పేరు చెబితే లేచి వెళ్ళిపోతుందేమోనని "ప్రెస్సువాళ్ళు" అన్నాను. "ఆ, వాళ్ళకేం తెలుసు" అని మజ్జిగ పోసింది.

రెండో సంచిక బొమ్మలు పంపుతున్నాను. ఎప్పటిలాగే బెలూన్లు ఖాళీ. పార్సిల్ అమ్మే కట్టింది, ఈసారి ఒక రోజంతా తీసుకుంది. తాడు చిక్కుపడిందట.

బోర్డు విషయంలో నన్ను అనడం బాగోలేదు. నేను "చెప్పి చూడు" అన్నాను గానీ మార్చేయమనలేదు. దవడ కింద ఏదో గడ్డలా తగులుతోంది. మా డాక్టరు అది దవడేనన్నాడు.

తమ్ముడు

---

మార్చి 9

ఒరే తమ్ముడూ,

బొమ్మ నీది మాట నాది అనుకున్నాం. మరి తుప్పురాణి బెలూన్లలో పెన్సిలుతో మాటలు నువ్వు రాయడమేమిటి? నేను పెన్ను తీసుకుని కూర్చునేసరికి నింపాల్సినవన్నీ నిండి ఉన్నాయి.

నేను ఆవిడ చేత మళ్ళీ లోకాన్ని నాశనం చేయించాలనుకున్నాను. ఇక్కడ చూస్తే, రాయుడు తాళంతో కుస్తీ పడుతుంటే ఆవిడ, "అప్పుడప్పుడూ రెండు చుక్కలు నూనె వేసుకుంటే ఏ తాళమూ బిగుసుకోదు. మీరు వెయ్యరు. నన్నంటారు" అంటోంది. ఇంకో చోట, ఊరంతా రాళ్ళు పట్టుకుని వెంటపడితే, "చెప్పులేసుకుని రండి, ముళ్ళున్నాయి" అంటోంది. అది చదివి మీ బావ లేచి నిలబడ్డారు. ఎందుకు నిలబడ్డారో ఆయనకే తెలియదు.

ఒక్క అక్షరం మార్చకుండా సిరా దిద్ది అచ్చు వేశాను. చాలా బాగా రాశావు. ఇంత బాగా రాస్తావని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. ఇకమీద తుప్పురాణి మాటలు నేను ముట్టుకోను. అన్నీ నువ్వే రాయి. ఎంత కటువుగా ఉన్నా ఫర్వాలేదు, అన్నీ అచ్చు వేస్తాను. ఈ ఉత్తరం నిదానంగా, గట్టిగా చదువు.

అక్క

---

మార్చి 17

అక్కకి,

ఏం మాటలు? నేనేం రాయలేదు. బెలూన్లు ఖాళీగా పంపాను. నా పని మీద నాకు ఆ మాత్రం గుర్తు ఉంటుంది.

నీ ఉత్తరం నిదానంగా గట్టిగానే చదివాను. "చాలా బాగా రాశావు" అన్న చోట అమ్మ వలుస్తున్న కాయ చేతిలోంచి జారి పడింది. వంగి తీసుకోవడానికి చాలాసేపు పట్టింది. నేను రాయలేదమ్మా అంటే, "నువ్వే రాసుంటావు, మర్చిపోయుంటావు" అంది. గట్టిగా అంది.

దాంతో నాకు భయం పట్టుకుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చేసిన పని చేసినట్టు గుర్తుండటం లేదని చెప్పాను. ఆయన పళ్ళ డాక్టరు కాబట్టి నోరు తెరవమన్నాడు. తెరిచాను. ఏమీ లేదన్నాడు. అయినా ఇప్పుడు చేసే ప్రతి పళ్ళ సెట్టూ రెండుసార్లు చూసుకుంటున్నాను, మర్చిపోయి పై పళ్ళు కిందా కింది పళ్ళు పైనా పెట్టేస్తానేమోనని.

నా అనుమానం బావగారి మీద ఉంది. పార్సిల్ విప్పేది ఆయనేగా. ఆయన రాసి నా మీద పెడుతున్నారు. మెచ్చుకున్నావు కాబట్టి సరిపోయింది, తిట్టి ఉంటే నేను పడాల్సి వచ్చేది. ఈసారి పార్సిల్ నువ్వే విప్పు.

తమ్ముడు

---

మార్చి 22
(ల్యాబ్ అడ్రసుకి)

ఒరే మొద్దూ,

ఇది నువ్వు పళ్ళు చేసే ల్యాబ్‌కి రాస్తున్నాను. అక్కడే, మనసులోనే చదువు. ఇంటికి తీసుకెళ్ళకు.

నీకు ఏ జబ్బూ లేదు. ఆ మాటలు రాసింది అమ్మ.

పార్సిల్ విప్పగానే గుర్తుపట్టాను. మనిద్దరికీ పలక మీద దిద్దబెట్టిన చేతిరాత అది. తాడు చిక్కుపడలేదు, నీ బొమ్మలన్నీ మంచం మీద పరుచుకుని రాసి, మళ్ళీ వరసగా సర్ది, అప్పుడు కట్టి ఉంటుంది. తెలిసీ నీకు అలా ఎందుకు రాశానంటే, నువ్వు పైకి చదువుతావని. అమ్మ రాసిందని నేను కనిపెట్టినట్టు అమ్మకి తెలిస్తే పెన్సిలు పారేస్తుంది. ఆవిడ సంగతి నీకు చెప్పాలా?

ఆరేళ్ళ తర్వాత అమ్మ మాట నా చేతిలోకొచ్చిందిరా. దుష్టురాలి మాటగా వస్తేనేం. సిరా దిద్దుతూ ప్రతి అక్షరం దగ్గరా ఆగి చూసుకున్నాను, అందుకే ఆ పేజీలో అక్షరాలు కాస్త వంకరగా ఉంటాయి. ప్రెస్సు తప్పు అనుకోకు.

ఇప్పుడు విను. మూడో సంచికలో ఒక పేజీ వెయ్యి. రాయుడు, తుప్పురాణి ఎదురెదురుగా కూర్చోవాలి. రాయుడి బెలూనులో మాత్రం నువ్వే పెన్సిలుతో రాసి పెట్టు, "రాణీ, నీకు మా మీద ఇంత కోపమెందుకు? నీ నోటితో చెబితే దిద్దుకుంటాం" అని. ఆవిడ బెలూను పెద్దది గియ్యి. గీసి అక్కడే వదిలేసి నీ పని చూసుకో. తొంగి చూడకు. నీకు నటించడం రాదు.

అక్క

---

ఏప్రిల్ 5
(ల్యాబ్ నుంచి)

అక్కకి,

జబ్బు లేదని తెలిసి మనసు తేలికపడింది. నా పక్కనే కూర్చుని పనిచేస్తున్న అమ్మ రాస్తోందని తెలియకపోవడం మాత్రం కాస్త సిగ్గుగా ఉంది. బావగారిని అనుమానించాను, ఆయనకి చెప్పకు.

పేజీ గీశాను. నటించడం రాదన్నావు కాబట్టి నటించలేదు. పేజీ బల్ల మీద పెట్టాను, పక్కన పెన్సిలు చెక్కి పెట్టాను, కళ్ళజోడు తుడిచి పెట్టాను, దీపం దగ్గరికి జరిపాను, "నేను బయటికెళ్తున్నాను, చాలాసేపు రాను" అని మూడుసార్లు చెప్పాను. అమ్మ నన్ను కింద నుంచి పై దాకా చూసి, "వెళ్ళేవాడివి వెళ్ళు" అంది. వీధి చివర టీ కొట్టులో కూర్చున్నాను. తిరిగొచ్చేసరికి పెన్సిలు డబ్బాలో పెట్టేసి ఉంది, పెన్సిలంతా చెక్కి పారేశానని నాకు చీవాట్లు పడ్డాయి. బెలూను ఖాళీ.

మర్నాడూ ఖాళీయే. ఆ మర్నాడూ. వేరే పేజీల్లో మాత్రం రాస్తోందని నాకు తెలుస్తోంది, రబ్బరు పొడి కనపడుతోంది. ఈ పేజీ దగ్గరికొచ్చి ఆగిపోతోంది. ఒకసారి నేను గుమ్మంలోంచి వస్తుంటే దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఊరికే చూస్తూ కూర్చుంది. నన్ను చూసి చీర కొంగుతో దాని మీద దుమ్ము దులిపింది.

నిన్న రాత్రి పార్సిల్ కట్టేసింది. రాసిందో లేదో తెలియదు. నువ్వు తొంగి చూడొద్దన్నావు, చూడలేదు. ఏముందో నాకు కూడా రాయి. అమ్మ నా ఇంట్లో ఉంటోందే గానీ నాకూ ఏమీ చెప్పదు.

తమ్ముడు

---

ఏప్రిల్ 16
(ల్యాబ్ అడ్రసుకి)

తమ్ముడూ,

రాసింది. అంత పెద్ద బెలూనులో ఒక మూలగా, చిన్న అక్షరాలతో, "ఊరుకోమన్నారు. ఊరుకున్నాను." అంతే.

నాకు ఏమీ అర్థం కాలేదు. పేజీ పట్టుకెళ్ళి మీ బావకి చూపించాను. ఆయన చదివి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, మిషను వైపు చూశారు. ఆయనకి తెలుసు. ఆరేళ్ళుగా తెలుసు. నాకు చెబితే బాధపడతానని చెప్పలేదట. నేను ఈ ఆరేళ్ళూ బాధపడకుండా ఉన్నానని ఎలా అనుకున్నారో.

ప్రెస్సు పెట్టిన కొత్తలో అమ్మ మా దగ్గరే ఉండేదిగా. మందుల షాపు సంచుల పెద్ద ఆర్డరు మొదటి రోజది. షాపాయన కూడా కూర్చుని ఉన్నాడట. అమ్మ అందరికీ టీ తెచ్చి, మిషను దగ్గర ఆగి, "అమ్మాయ్, సంచి తలకిందులుగా అచ్చవుతోంది, పట్టుకునే కాడలు కిందికొస్తాయి" అందట. నేను మిషను చప్పుడుకి మించిన గొంతుతో, "నీకేం తెలుసమ్మా, నువ్వు ఊరుకో" అన్నానట. అమ్మ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిందట. మర్నాడు నీకు జలుబు చేసిందని చెప్పి బస్సెక్కింది. నీకు జలుబు చేసిందా అసలు?

సంచులన్నీ తలకిందులే. షాపాయన వెనక్కి పంపేశాడు. ఆ మిగిలిన సిరాయే ఇప్పుడు మనం వాడుతున్న ఆకుపచ్చ. తప్పు మిషనుమానుదేనని నేను ఇన్నాళ్ళూ అతన్ని దెప్పుతూనే ఉన్నాను. అతను నాతో ముక్తసరిగా మాట్లాడితే అది అతని స్వభావమేమో అనుకున్నాను.

నాకు గుర్తు లేదురా. ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. కానీ మాట మాత్రం నాదే. రోజూ నేను నలుగురిని ఊరుకోమంటాను. మిగతావాళ్ళు ఎవరూ ఊరుకోరు. ఊరుకున్నది అమ్మ ఒక్కతే.

ఆ పేజీ సిరా దిద్దుతూ ఏడ్చాను. మిషను చప్పుడులో ఎవరికీ వినపడలేదు. మూడో సంచికలో అలాగే అచ్చయింది.

ఇంకొక సంగతి. పత్రిక ఆగిపోతోంది. ఏజెంటు వచ్చి చెప్పాడు. పిల్లలు కొనడం లేదట, ఈ ముసలావిడ తమని కూడా తిడుతున్నట్టుందట. పెద్దవాళ్ళు దుకాణం దగ్గర నిలబడే చదివేసి, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోతున్నారట. ఏ వరసలో పెట్టాలో దుకాణాలవాళ్ళకి తెలియడం లేదు. నాలుగో సంచికతో సరి. మీ బావ ధైర్యంగానే ఉన్నారు. జేబులో కాపీ మాత్రం ఇంకా ఉంది.

ఇది ఆగిపోతే అమ్మ మాట నాకు మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది?

అక్క

---

ఏప్రిల్ 28
(ల్యాబ్ నుంచి)

అక్కకి,

నాకు జలుబు చేయలేదు. అప్పుడు అమ్మ వచ్చి "జలుబెలా ఉంది" అని అడిగితే, ఉందేమో అనుకుని కషాయం తాగాను.

పత్రిక ఆగిపోతోందన్న ముక్క మాత్రం ఇంట్లో చెప్పాను. అమ్మ చేటలో కాయలన్నీ అయిపోయాయి, అయినా వలుస్తూనే ఉంది. కాసేపటికి, "మరి ఆవిడ సంగతేమిటి" అంది. ఎవరి సంగతి అన్నాను. "ఆ ముసలావిడ సంగతి. అలా కూర్చునే ఉంటుందా" అంది. రాయుడు చివరి తాళం తీయడంతో అయిపోతుందమ్మా అన్నాను. "వాడి సంగతి ఎవరికి కావాలి" అని దీపం ఆర్పేసింది. నేను అప్పటికింకా పని చేసుకుంటున్నాను.

అక్కా, నాకొక ఆలోచన వచ్చింది. బాగా ఆలోచించొద్దన్నావు, కానీ ఇది ఆలోచించకుండానే వచ్చింది. చివరి పేజీ మొత్తం ఒకే బొమ్మ, పైన రాయుడికీ రాణికీ చెరో ఖాళీ బెలూను. తుప్పురాణి మొహం. నోరు తెరిచి ఉంటుంది. ఈ పత్రికలో తెరిచిన నోరు అదొక్కటే. పళ్ళు గీయడం నాకు ఇష్టం లేదన్న మాట నిజమే. అమ్మ పళ్ళ సెట్టు నేను చేసిందే, ఆ నోరు నాకు చూడకుండానే వచ్చు. ఒక రోజు కాకపోతే నాలుగు రోజులు పట్టనీ.

గీసి పంపుతున్నాను. ఇది మాత్రం అమ్మకి చూపించకుండా ల్యాబ్‌లోనే గీసి, నేనే పార్సిల్ కట్టాను. ముడి ఊడితే ఏమీ అనుకోకు.

తమ్ముడు

---

మే 8

తమ్ముడూ,

ముడి ఊడింది. పోస్టుమాను రెండు చేతులతో పట్టుకొచ్చి ఇచ్చాడు. ఆ మొహం చూడగానే నేను నిజంగానే "ఏమ్మా" అన్నాను. మిషనుమాను వెనక్కి తిరిగి చూశాడు.

బొమ్మ తిప్పి పంపుతున్నాను. రాయుడి మాటలు నేను సిరాతోనే రాసేశాను, పెన్సిలుతో కాదు. ఈసారి చెరిపేది లేదు. "రాణీ, ఆ రోజు నువ్వు చెప్పిందే నిజం. సంచి తలకిందులే. ఊరుకోమన్న నోరు నాది. ఇంకేమేం తలకిందులుగా ఉన్నాయో చెప్పు. వింటాను." తాళాలు తీసుకునేవాడికి సంచుల గొడవేమిటని పాఠకులు అడిగితే అడగనీ. చివరి సంచికేగా.

ఆవిడ బెలూను ఖాళీగా ఉంచాను. ఈ ఉత్తరం ఇంటికే రాస్తున్నాను, దాచేదేం లేదు. పైకి చదువు. చదివి, బొమ్మ అమ్మ చేతికే ఇవ్వు. బల్ల మీద పడెయ్యకు, పెన్సిలు చెక్కకు, టీ కొట్టుకి వెళ్ళకు. చేతికి ఇచ్చి, "అక్క ఇమ్మంది" అను. అంతే.

బొమ్మ తిరిగొచ్చేదాకా మిషను ఆపి ఉంచుతాం. మీ బావకి నిద్రపట్టకపోతే పట్టకపోనీ.

అక్క

---

మే 20

అక్కకి,

చెప్పినట్టే చేశాను. "అక్క ఇమ్మంది" అన్నాను. అమ్మ తీసుకుంది. మొదట బొమ్మ చూసింది, నోట్లో నాలుక తిప్పి తన పళ్ళు తడుముకుంది. "కింద ఎడమవైపుది ఇంత పొడుగు లేదు" అంది. పోల్చి చూశాను, నిజంగానే లేదు. తర్వాత రాయుడి మాటలు చదివింది. మళ్ళీ చదివింది. తర్వాత లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసుకుంది.

అది జరిగి చాలా రోజులైంది. పార్సిల్ కడతావా అని రోజూ అడుగుతున్నాను. పెన్సిలు రెండుసార్లు తనే చెక్కుకుంది. పేజీ వెనక వైపు కూడా పరీక్షగా చూసింది, అక్కడేమైనా చోటుందా అని. నేను కళ్ళల్లో వత్తులేసుకుని చూస్తున్నాను. చివరికి నిన్న, "చాలదు" అంది.

ఏం చాలదమ్మా అన్నాను.

"ఈ బెలూను. ఇందులో పట్టదు" అంది.

పెద్దది గీస్తాను అన్నాను. ఎంత పెద్దది గీస్తావు అంది. పేజీ అంత గీస్తాను అన్నాను. నా వైపు జాలిగా చూసింది.

ఇవాళ పొద్దున్న లేచేసరికి సంచి సర్దుకుని కూర్చుంది. బొమ్మ రెండు అట్టల మధ్య పెట్టి తాడు కట్టుకుంది. పోస్టు మీద నమ్మకం లేదట, తనే తీసుకెళ్తుందట. ఎక్కడికమ్మా అంటే, "ఎక్కడికేమిటి, ప్రెస్సుకి. మిషను ఆపుకుని కూర్చున్నారుగా" అంది. శుక్రవారం పొద్దుటి బస్సు. నేనూ వస్తానంటే వద్దంది. నాకు జలుబు చేసిందట.

గడియారానికి నూనె వెయ్యాల్సిన రోజు నాకు చెప్పి వెళ్తోంది. తొందరగా తిరిగి వచ్చేలా లేదు.

తమ్ముడు

---

మే 27

తమ్ముడూ,

అమ్మ దిగింది.

బస్సు దగ్గరికి నేనూ మీ బావా వెళ్ళాం. దిగి, నన్ను చూసి, సంచి నా చేతికిచ్చింది. అట్టలు మాత్రం ఇవ్వలేదు. దారి పొడుగునా ఒక్క మాట లేదు. ప్రెస్సు ముందు ఆగి బోర్డు చూసింది. తన పేరు చదువుకుంది. నాకు భయమేసింది. ఇంత దూరం వచ్చి కూడా ఊరుకుంటుందేమోనని.

అమ్మ వస్తోందన్న నీ ఉత్తరం అందగానే మిషను మళ్ళీ తిప్పించాం, లోపల మిషనుమాను చివరి సంచికలో మిగతా పేజీలు అచ్చు వేస్తున్నాడు. అమ్మ తిన్నగా మిషను దగ్గరికెళ్ళి నిలబడింది. ఒక కాగితం వెళ్ళింది, ఇంకోటి వెళ్ళింది. అప్పుడు నా వైపు తిరిగి, మిషను చప్పుడుకి మించిన గొంతుతో, "అమ్మాయ్, కాగితం తలకిందులుగా పెట్టారు" అంది.

నేను మిషను ఆపేయించాను. నలుగురం వంగి చూశాం. మిషనుమాను నా మొహం చూశాడు, మీ బావ నా మొహం చూశారు. కాగితం సరిగ్గానే ఉంది. తలకిందులు కాదు.

"తిప్పండి" అన్నాను. తిప్పారు.

అందుకే నీకు పంపుతున్న చివరి సంచికలో సగం పేజీలు తలకిందులుగా ఉంటాయి. పుస్తకం తిప్పి చదువుకో. ప్రెస్సు తప్పు కాదు.

నీ బొమ్మ చివరి పేజీగా వేశాం, ఎడమవైపు పన్ను అమ్మ చెప్పినట్టు కాస్త అరగదీసి. తుప్పురాణి బెలూను ఖాళీగానే అచ్చయింది. ఏం రాయమంటావమ్మా అని అడిగాను. "ఉండు, ముందు నన్ను చెప్పనీ" అంది. ఆదివారం మొదలుపెట్టింది. మా అత్తగారు కూడా తలుపు తీసుకుని కిందికొచ్చి, అమ్మ పక్కన కుర్చీ వేసుకుని, బోర్డు సంగతి ఎత్తుకుంది. ఇద్దరూ కలిసి చెబుతున్నారు. మీ బావ చెవుల్లో దూది పెట్టుకుని మిషను తుడుస్తున్నారు.

ఇవాళ బుధవారం. అమ్మ ఇంకా చెబుతూనే ఉంది. నేను ఊరుకున్నాను.

నీ అక్క